పెంచలయ్య పట్టిన హంతకులు

పెంచలయ్య ఎవరినైనా హంతకుడని వేలెత్తి చూపించాడంటే, ఆ మనిషి నిశ్చింతగా ఇంటికి పోయి నిద్రపోవచ్చు. ఆయన పట్టిన హంతకులందరూ ఆఖరికి పాలకంటే తెల్లగా తేలినవాళ్లే.

రేణిగుంటలో ఫ్లెక్సీలు అచ్చువేసే అంగడి ఆయనది. వయసు యాభైకి దగ్గర. పుట్టినరోజు నాయకులకూ, చెవులు కుట్టించుకునే పిల్లలకూ వారమంతా ఫ్లెక్సీలు వేస్తాడు. ఆదివారం మాత్రం షట్టరు సగం దించి 'తొమ్మిదో రేవు' ఆడతాడు.

'తొమ్మిదో రేవు' డిటెక్టివ్ వీడియో గేము. ఎక్కడో చలిదేశంలో ఒక ఓడరేవు, అక్కడ ఇర్మా అనే డిటెక్టివు. భాగానికొక హత్య. వాటన్నిటి వెనకా తేలని ప్రశ్న ఒకటుంది: ఇర్మా అన్నను సముద్రంలోకి తోసిందెవరు? నాలుగు భాగాలొచ్చినా జవాబు రాలేదు. జవాబు లేనిచోట సిద్ధాంతాలు పుడతాయి. ఆ గేము పిచ్చి పట్టిన తెలుగువాళ్లంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకుని, తోచిన సిద్ధాంతం రాసుకునేవాళ్లు. గ్రూపును నడిపేది నిస్సీ అనే అమ్మాయి. రేణిగుంటలోనే ఒక గోదాములో పని. మంచి కంప్యూటరు పెంచలయ్య అంగట్లోనే ఉండడంతో, దగ్గర్లో ఉన్నవాళ్లు ఆదివారాలు అక్కడే చేరేవాళ్లు.

మిగతావాళ్లు సిద్ధాంతం రాస్తే, పెంచలయ్య అచ్చే వేసేవాడు. నడిమధ్య అనుమానితుడి బొమ్మ, చుట్టూ పూలు, పక్కన గర్జించే సింహం, పైన 'హంతకుడు ఇతడే', కింద 'ఇట్లు, పెంచలయ్య మరియు అభిమానులు'. మొదటి భాగంలో పోస్టుమాస్టరును పట్టాడు. తర్వాతి సీనులోనే ఆ పోస్టుమాస్టరు శవమై తేలాడు. ఆ ఫ్లెక్సీ స్టేషను ముందర టెంకాయలమ్మే ఆయనకు పందిరైంది. రెండో భాగంలో డాక్టరును పట్టాడు. ఆ డాక్టరే ఇర్మా ప్రాణం కాపాడాడు. ఆయన బొమ్మ ఇప్పుడు వడమాలపేటలో ఒక గడ్డివాము మీద వానకు తడుస్తోంది. ఆ తర్వాత అసలు ఇర్మాలే ఇద్దరున్నారని తేల్చి, ఇర్మా బొమ్మ రెండుసార్లు వేశాడు. అది ఎవరింట్లో పరుచుకున్నారో తెలియదు.

ఆయన చూపించే సాక్ష్యాలు కూడా ఆయనవే. ఒకసారి గేములో విందు జరుగుతుంటే ఠక్కున ఆపించి, తెర మీద వేలు పెట్టి నిస్సీకి చూపించాడు.

"సూడు పాపా, ఈడు రెండోసారి వడ్డించుకోలేదు. మనసులో ఏందో పెట్టుకున్నోడే విందులో అట్ల కూర్చుంటాడు."

రానురాను గ్రూపుకు ఆయన కొలబద్ద అయిపోయాడు. స్టేషను దగ్గర ఆటో నడిపే మునీంద్ర, పెంచలయ్య చెప్పిన పేరును ముందుగా కొట్టేసి మిగతావాళ్ల గురించి ఆలోచించేవాడు. పెంచలయ్య దానికేమీ నొచ్చుకోలేదు. ఒకడు తగ్గితే దారి సులువవుతుంది గదా అనేవాడు.

ఇంతలో ఐదో భాగం, ఆఖరుది, వచ్చింది. సరిగ్గా అప్పుడే కోమలి కాలు విరిగింది. నగరిలో మరమగ్గాల వాళ్లమ్మాయి; ఏ ఆదివారమూ తప్పకుండా బస్సెక్కి వచ్చేది. స్కూటరు మీద నుంచి పడితే పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు, మంచం దిగకూడదన్నారు. ఆ పిల్ల వచ్చేదాకా ఎవరూ ముగింపు ముట్టకూడదని గ్రూపంతా మాట అనుకుంది. ఆలోగా పెంచలయ్య గేములోని పడవవాడే హంతకుడని ఫ్లెక్సీ వేసి అంగడి ముందు కట్టేశాడు.

కోమలి కట్టు విప్పించుకుని, ఆదివారం వస్తున్నానని రాసింది. శుక్రవారం సాయంత్రం ఎవరో పేరు తెలియని మనిషి గ్రూపులో దూరి, ఆట ముగించానని చెప్పి ఒకే వాక్యం పెట్టాడు. ఇర్మాకు మొదటి భాగం నుంచీ కాఫీ ఇస్తున్న ముసలామే హంతకురాలట. నిస్సీ దాన్ని తీసేసేలోపు అందరూ చదివేశారు. కోమలి కూడా చదివింది. ఇన్నాళ్లు కాచుకున్నదంతా పోయిందనీ, ఇంక రాననీ గొంతు రికార్డు చేసి పంపించింది.

అప్పుడు పెంచలయ్య రాశాడు. ముసలామె సంగతి కనిపెట్టింది తానేనట. ఎవరో అంగట్లో విని, తన సిద్ధాంతం ఎత్తుకుపోయి గొప్పలు చెప్పుకుంటున్నాడట. కాసేపటికి ఫ్లెక్సీ ఫోటో కూడా పెట్టాడు: ముసలామె, కాఫీ కప్పు, సింహం.

గ్రూపంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. పెంచలయ్య పట్టాడంటే ముసలామె నిర్దోషి అని మునీంద్ర తీర్పిచ్చేశాడు. కోమలి నవ్వుతూ, ఆదివారం వస్తున్నానని మళ్లీ గొంతు పంపింది.

నిస్సీకి మాత్రం ఒళ్లు మండింది. నిన్నటిదాకా పడవవాడే అన్న మనిషికి ముసలామె ఎక్కడినుంచి వచ్చింది? పేరు కోసం పరాయివాడి మాటను తనదని చెప్పుకున్నాడా? అంత చిన్నబుద్ధి ఆయనకుందని నమ్మలేకపోయింది, లేదనీ అనుకోలేకపోయింది.

ఆదివారం కోమలిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టించారు. ఆట నడిచింది. ఆఖరి సీనులో ఇర్మా తడిసిన కోటుతో కాఫీ అంగట్లోకి వచ్చింది. ముసలామె కప్పు ముందుపెట్టి, "నేను నీళ్లలోకి తోసేముందు మీ అన్న కూడా ఈ కప్పులోనే తాగినాడమ్మా," అంది.

కోమలి నిస్సీ చేయి గట్టిగా పట్టుకుంది. "ఆయమ్మనా? అక్కా, ఆయమ్మనా?" అంది. కళ్లు పెద్దవైపోయాయి, నోరు మూతపడలేదు. అందరూ తెర వైపే చూస్తున్నారు. పెంచలయ్య ఒక్కడే తెరకు వీపు పెట్టి కూర్చుని, కోమలి ముఖం చూస్తున్నాడు.

నిస్సీ అది చూసింది. మునీంద్రవాళ్లు లోపల అరుచుకుంటూంటే, ఆయన్ను టీకని బయటికి పిలుచుకుపోయింది.

"ఆ సిద్ధాంతం నీది కాదు గదన్నా?"

"కాదు పాపా."

"అది నిజమని నీకు ముందే తెలుసా?"

"యాడ తెలుసు? నిజమో, అబద్ధమో. నేను చెప్తే ఆ బిడ్డ నమ్మదు. అది మాత్రం తెలుసు." టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "ముఖం సూసినావా పాపా, ఎట్లయిపోయిందో?"

రెండ్రోజులుగా మోసిన కోపం ఎక్కడ దించాలో నిస్సీకి తెలియలేదు. టీ డబ్బులు తానే ఇచ్చేసింది. లోపలినుంచి మునీంద్ర గొంతు వినిపిస్తోంది; పెంచలయ్యన్న ఇన్నాళ్లకు నిజం పట్టినాడని అందరికీ చెబుతున్నాడు. పెంచలయ్య ముఖం వాడిపోయింది.

"అదే బాధగా ఉండాది. నిజమైపోయె గదా! ఇంకోసారి ఇట్లాంటి అక్కర పడితే యాం చేసేది? నా మాట నమ్మేస్తారే."

నిస్సీ ఫోను తీసింది. పెంచలయ్యన్న చెప్పింది గుడ్డెద్దు చేలో పడినట్టు ఊరికే తగిలిందనీ, ఇకమీదట ఆయన మాట ఎవరూ లెక్కపెట్టొద్దనీ గ్రూపుకు రాసి, పంపేముందు ఆయనకు చూపించింది. పెంచలయ్య కళ్లద్దాలు సరిచేసుకుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"బాగుండాది," అన్నాడు. "లెక్కపెట్టొద్దు అనేదానికి ముందర 'బొత్తిగా' అని కూడా పెట్టు పాపా."