అప్పలనర్సమ్మ కిందికి దించిన కిటికీలు

మొన్న కొత్తవలస దగ్గర కొత్త అంగన్‌వాడీ భవనం తలుపు తీయగానే పచ్చి రంగు వాసన గుప్పుమంది. ఏళ్ళ తరబడి ఇలాంటి కట్టడాలే కట్టిస్తున్నాను. అయినా ఆ వాసన తగిలితే ముందు గుర్తొచ్చేది అప్పలనర్సమ్మే. కోటబొమ్మాళి దగ్గర ఒక ఊళ్ళో ఆమె అంగన్‌వాడీ ఆయా. ఇంజినీరుగా ఉద్యోగంలో చేరాక నేను కట్టించిన మొదటి భవనం ఆ ఊరిదే.

గోడలు లేచాక ఒకరోజు ఆమెను పిలిచి గర్వంగా అంతా తిప్పి చూపించాను. ఆమె గచ్చు మీద చతికిలబడి, పక్కన చోటు చూపించింది.

“కూకోండి ఇంజినీరమ్మా. ఇప్పుడు ఏటి కనపడతన్నాదో సెప్పండి.”

కూర్చున్నాను. కిటికీలు నా తలకంటే చాలా పైన ఉన్నాయి. గోడ, దాని పైన కాస్త ఆకాశం. అంతే.

“పిల్లలకీ ఇదే కనపడతాది. అమ్మ ఎటెల్లిపోనాదో తెలీక గుక్కపట్టీసి ఏడుస్తారు.”

నాకు చిన్నతనంగా అనిపించింది. నమూనా పైనుంచి వచ్చిందనీ, మార్చడం నా చేతిలో లేదనీ చెప్పేశాను. నిజానికి పైవాళ్ళను అడిగి చూద్దామన్న ఆలోచనే నాకు రాలేదు. ఆమె చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

భవనం పూర్తయి పిల్లలు వచ్చిన మొదటి రోజు నేనూ అక్కడే ఉన్నాను. గౌరి అనే మూడేళ్ళ పాప మరుగుదొడ్డిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టేసుకుంది. కొత్త గడియ, రంగుకి బిగుసుకుపోయింది. తీయడం పాపకు చేతకాలేదు. ఏడుపు కాస్తా కేకలైంది. మేస్త్రి గునపం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “వద్దు! పాప తలుపు వెనకే ఉంది!” అని అరిచాను. ఆ గడియ పెట్టించింది నేనే.

అప్పలనర్సమ్మ నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింది సందులోంచి వేళ్ళు లోపలికి పెట్టింది.

“ఒలే గౌరీ, నా ఏళ్ళు కనపడతన్నాయేటి? పట్టీసుకో. ఎన్నున్నాయో సెప్పు.”

కేకలు ఆగాయి. తర్వాత సన్నగా, “నాలుగు.”

“మరి బొటనేలు ఏటైపోనాది?”

లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెనకే చిన్న నవ్వు. ఆమె అలా మాట్లాడిస్తూనే ఉంది. ఈలోగా మేస్త్రి బయటివైపు వెంటిలేటర్ అద్దాలు ఊడదీశాడు. నిచ్చెనెక్కి నేనే లోపలికి దూరాను. పాప కూడా బోర్లా పడుకుని, రెండు చేతులతో ఆ నాలుగు వేళ్ళనూ పట్టుకుని ఉంది. ఎత్తుకుని, బలమంతా పెట్టి గడియ లాగాను. పాప నా చేతుల్లోంచి ఆమె మెడ మీదికి దూకింది. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

“పిల్ల బాగానే ఉన్నాది గదా, ఏడుపెందుకమ్మా? నెగండి. కిటికీల సంగతి సూడండి,” అంటూ అప్పలనర్సమ్మ చెయ్యి పట్టి లేపింది.

ఆ మధ్యాహ్నమే మా పై అధికారి దగ్గరికెళ్ళి ఏదీ దాచకుండా చెప్పాను. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆయన చాలాసేపు నమూనా వైపే చూసి, “ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదమ్మా,” అంటూ మార్పులకు సంతకం పెట్టారు. కిటికీలు పిల్లల ఛాతీ ఎత్తుకు దిగాయి, ఊచలతో. మరుగుదొడ్లకు గడియ లేని పొట్టి తలుపులు వచ్చాయి.

పని అయ్యాక వెళ్తే, గౌరి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. వరి ఉడుపులకు పోతున్న వాళ్ళమ్మ గట్టు మలుపులో ఆగి చెయ్యి ఊపింది. పాపా ఊపింది. అమ్మ కనుమరుగయ్యాక ఇటు తిరిగి, ఏడవకుండా బొమ్మల దగ్గరికి పరుగెత్తింది. పొయ్యి దగ్గరున్న అప్పలనర్సమ్మ నా వైపు చూసి తల ఊపింది. ఏ అధికారి మెచ్చుకోలూ నా గుండెను అంత తేలిక చేయలేదు.

ఆమె పని విరమించి ఇప్పుడు రామతీర్థంలో కూతురి దగ్గర హాయిగా ఉంది. నేను మాత్రం ఏ ఊళ్ళో కట్టినా నక్షా ముందు అక్కడి ఆయాకు చూపిస్తాను. మొదటి రోజున పిల్లలు లోపలికి వెళ్ళాక బయటే నిలబడతాను. ఏడుపులు ఒక్కొక్కటే తగ్గుతాయి. ఎవరో ఒకరు పకపకా నవ్వుతారు. అప్పుడు గాని బండి ఎక్కను.