మోటారు షెడ్డులో ముసుగు కెప్టెన్

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. నరసరావుపేట రోడ్డులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. మిరప బస్తాల లారీ గేటులోకి తిరుగుతుండగానే టైర్లు అణిగిన తీరు చూసి బరువు చెబుతాను. నా అంచనా పెద్దగా తప్పదు. ఎవరికైనా గాలి సోకిందంటే, ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఉందా లేదా అని అడిగే రకాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు, ఇందులో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నాకో పిచ్చి ఉంది. మా చిన్నప్పుడు బజార్లో అరచేతి పొడవు సైనికుల బొమ్మలు వచ్చేవి. మెడ, మోచేతులు, మోకాళ్లు, నడుము అన్నీ తిరిగేవి. మంచివాళ్ల సైన్యం ఒకటి, శత్రువుల సైన్యం ఒకటి. నేను పోగుచేసేది శత్రువులనే. మంచివాళ్లు ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతారు. అప్పట్లో అందరూ వాళ్లనే కొన్నారు మరి. ముసుగులు, కాలిన మొహాలు ఉన్న విలన్లను పెద్దవాళ్లు కొననిచ్చేవారు కాదు, పిల్లలు జడుసుకుంటారని. ఎవరైనా కొన్నా అవి ఇళ్లలో నిలవలేదు.

నా బీరువాలో ఆ సైన్యం దాదాపు పూర్తయింది. లేనిది ముసుగు కెప్టెన్ ఒక్కడే. నల్ల దుస్తులు, ముఖమంతా ఆకుపచ్చ ముసుగు, కళ్ల చోట రెండు ఎర్ర చుక్కలు. వాడి కోసం విజయవాడ పాత సామాన్ల కొట్ల దాకా తిరిగాను. దొరకలేదు.

దర్శిలో మా తోడల్లుడు శ్రీను కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కిందటి ఏప్రిల్లో ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నీ విలన్ ఒకడు ఇక్కడ పొలంలో ఉద్యోగం చేస్తన్నాడు," అన్నాడు.

సంగతేమిటంటే, ఆ దగ్గర్లో వెంకటేశ్వర్లు అనే రైతుకు బోరు ఉంది. దాని మోటారు మాటిమాటికీ కాలిపోయేదట. ఆయన కొడుకు చిన్నప్పటి బొమ్మ ఒకటి ఇంట్లో పడి ఉంటే, మొహం భయంకరంగా ఉంది కదా అని నల్లదారం కట్టి, షెడ్డులో స్టార్టరు పైన దిష్టిబొమ్మగా తగిలించాడు. ఆ తర్వాత మోటారు కాలలేదు.

"అది కట్టిన కాడ్నించి ఆ మోటారు నా కొట్టుకు రాలా. నా బేరం చెడగొట్టింది వాడే. వచ్చి పట్టుకుపో," అన్నాడు శ్రీను.

వెంకటేశ్వర్లు గారితో ఫోన్లో మాట్లాడాను. ఆయన ఏ అభ్యంతరమూ చెప్పలేదు. "దాన్దేముందండీ, తీసుకెళ్లండి. దాని చోట ఇంకోటి తగిలించి పోండి. ఉత్త మేకు ఉంచమాకండి," అన్నారు. నేను వస్తానన్న రోజున తాను పనిమీద ఒంగోలు వెళ్తున్నానని, తాళంచెవి శ్రీను కొట్లో ఇస్తానని, పని అయ్యాక దాన్ని షెడ్డు బయట గూట్లో పెట్టి అట్నుంచి అటే వెళ్లిపొమ్మని చెప్పారు. ఆ రోజు స్తంభాలు మారుస్తున్నారు, సాయంత్రం దాకా పొలాలకు కరెంటు ఉండదు. నాకూ అదే కావలసింది. స్టార్టరు పైన చెయ్యి పెట్టాలి కదా.

దర్శి బజార్లో రాక్షసుడి మొహం ఉన్న దిష్టిబొమ్మ కొన్నాను. బండి రోడ్డు మీద ఆపి, ఫోన్ బండి బాక్సులోనే వదిలి, గట్టు మీద నడిచి వెళ్లాను. ఫోన్ వదలడం పొరపాటని అప్పుడు తోచలేదు. ఆఖరు కోత అయిపోయిన మిరప చేలు. కూలీలు ఎండ ముదరక ముందే వెళ్లిపోయారు. చుట్టూ మనిషి అన్నవాడు లేడు.

షెడ్డు చిన్నది. ఇటుక గోడలు, పైన స్లాబు. రాగి వైరు దొంగలకు భయపడి మందపాటి ఇనుప రేకు తలుపు పెట్టారు. గడియ బయటే ఉంది, పైనుంచి కొక్కెంలో పడే రకం. మోటారు బోరు లోపలే ఉంటుంది; షెడ్డులో ఉన్నవి దాన్ని వేసే స్టార్టరు పెట్టె, ఫ్యూజులు, మూలన పురుగుమందు ఖాళీ డబ్బాలు. స్లాబు కింద ఊచలు పెట్టిన చిన్న కిటికీ కన్నం, మనిషి తల కూడా పట్టదు.

బొమ్మ మేకుకు వేలాడుతోంది. దుమ్ము తుడిచి చూశాను. అసలుదే. వీపున స్క్రూ, పాదం కింద అచ్చు గుర్తు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నడుములో రబ్బరు రింగు ఇన్నేళ్లకు ఎండి తెగిపోవాలి. వీడిది తెగలేదు.

కరెంటు లేకపోయినా మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. అది నా అలవాటు. కెప్టెన్‌ను తీసి, ఆ మేకుకు రాక్షసుడి మొహం తగిలించాను. అప్పుడే బయట సుడిగాలి లేచింది. తలుపు దబ్బున మూసుకుంది. గడియ కొక్కెంలో పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ఇందులో వింతేమీ లేదు. గడియ వదులుగా ఉందని తర్వాత చూశాను. గాలికి పడింది, అంతే.

మొదట నవ్వొచ్చింది. తర్వాత తోసి చూశాను. భుజంతో గుద్దాను. కాళ్లతో తన్నాను. డబ్బా రేకు చించి సందులోంచి గడియ ఎత్తుదామని చూశాను. సందు చాలలేదు, వేలు తెగింది. కన్నం కింద నిలబడి గొంతు పోయేదాకా అరిచాను. గాలి తప్ప జవాబు లేదు.

కూర్చుని ఆలోచించాను. వెంకటేశ్వర్లు గారు ఒంగోల్లో ఉన్నారు. నేను ఇంటిదారి పట్టాననుకుంటాడు శ్రీను. ఇంట్లోవాళ్లు నేను దర్శిలోనే ఆగాననుకుంటారు. కరెంటు లేదు కాబట్టి మోటారు వెయ్యడానికి మర్నాటి దాకా ఎవరూ రారు. స్లాబు వేడి నెత్తిమీదికి దిగుతోంది. ఎండకు డబ్బాల్లోంచి మందు వాసన లేస్తోంది. తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. చెమట పోయే తీరు చూసి, పొద్దు వాలేదాకా ఆగగలనా అని లెక్క వేసుకున్నాను. ఆగలేనని తేలింది. ఆ లెక్క రెండోసారి వెయ్యలేదు.

తలుపు కింద సందులో ముక్కు పెట్టి పడుకున్నాను. చాలాసేపు అలాగే ఉన్నాను. కొంతసేపటికి చెమట పట్టడం ఆగిపోయింది. అది మంచి లక్షణం కాదని నాకు తెలుసు. మా ఆవిడ గుర్తొచ్చింది. బొమ్మ కోసం పోయి చచ్చాడని ఊళ్లో చెప్పుకుంటారు, అది ఆమె వినాలి అనిపించింది.

కెప్టెన్ జేబులో ఫ్యూజులతో పాటే ఉన్నాడు. రాగి కొసలకు రంగు గీసుకుపోతుందని అప్పుడు కూడా అనిపించింది చూడండి, పిచ్చి అంటే అదే. లేచి, గోడ పట్టుకుని, దారంతో వాణ్ని మళ్లీ ఆ మేకుకే, రాక్షసుడి మొహం పైన తగిలించాను. దణ్ణం పెట్టలేదు. ఏమీ కోరుకోలేదు. గీతలు పడకూడదని పెట్టాను, అంతే. మళ్లీ వచ్చి తలుపు దగ్గర పడుకున్నాను.

స్టార్టరు టక్కుమంది.

తర్వాత గోడలో ఉన్న పైపు అదిరింది. బయట తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు. మోటారు నడిచేటప్పుడు పెట్టెలోంచి వచ్చే గుంయ్ మనే మోత కూడా వినిపించింది. తల ఎత్తి చూశాను. పెట్టె మీద కరెంటు చూపే మీటర్లు రెండింటిలోనూ ముల్లు సున్నా మీదే ఉంది. జేబు తడిమి చూసుకున్నాను. ఫ్యూజులు మూడూ ఉన్నాయి. ఎదురుగా ఫ్యూజుల చోట ఖాళీ గళ్లు కనిపిస్తున్నాయి. నీళ్లు మాత్రం ఆగకుండా పడుతున్నాయి.

భయం అప్పుడు వేసింది. అంతకుముందు వేసింది చావు భయం. ఇది వేరు. బయటికి పోలేను, ఆ పెట్టె వైపు చూడలేను. మొహం తలుపు వైపు తిప్పుకుని ఉండిపోయాను.

ఎంతసేపో చెప్పలేను. చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు తిట్టుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఎవుడయ్యా మోటారేసింది? కల్లంలో కాయలు తడిపి పెట్టారు. కళ్లు కనపడట్లా మీకు?"

చేతనైనంత గట్టిగా తలుపు కొట్టాను. "తలుపు తియ్యమ్మా," అన్నాను. గడియ లేచింది. బయటి గాలి తగిలింది.

ఆవిడ పేరు కోటమ్మ. అరుపు వినపడనంత దూరాన, పల్లంలో ఆవిడ కల్లం ఉంది. మిరపకాయలు ఆరబోసి, చింతచెట్టు కింద కునుకు తీస్తుంటే కాలవ వెంట నీళ్లు వచ్చి కాయల అంచు తడిపాయి. నన్ను ఎగాదిగా చూసింది.

"మోటారేసి లోపల కూర్చున్నావా? బయట గడేసుకుని లోపలికెట్టా పోయావయ్యా?"

"నేను వెయ్యలేదమ్మా. కరెంటు లేదు. ఫ్యూజులు ఇవిగో, నా జేబులో ఉన్నాయి."

"మరి నీళ్లేడనించి వచ్చినయ్యి? నా కాయలు నేనే తడుపుకున్నానా?"

ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని నడిపించి, నీడలో కూర్చోబెట్టి, బిందెలోంచి నీళ్లు కొద్దికొద్దిగా తాగించింది. సంగతంతా విని షెడ్డు వైపు చూసింది.

"దాన్ని తీశావా?"

"తీశాను. మళ్లీ అక్కడే పెట్టాను."

"నిన్ను వదిలిపెట్టాడుగా. ఇంక వాడి జోలికి పోమాక," అంది.

ఇక నేను తేల్చుకోవాలని చూసినవి చెబుతాను. మందు వాసనకు, ఎండకు నాకు భ్రమ కలిగిందనుకోవచ్చు. కానీ కోటమ్మకు కలగలేదు కదా. పైపులో మిగిలిన నీళ్లు జారాయనుకుందామంటే, బోరులో నీటిమట్టం ఎక్కడో లోతున ఉంది. పైపులో మిగిలింది ఎంత పోసినా నాలుగైదు బిందెలు. ఎండిన కాలవ అంత పొడవునా తడిసి కల్లం దాకా పోవాలంటే అవి ఏ మూలకూ చాలవు. లైన్‌మన్‌ను శ్రీను అడిగాడు. ఆ లైనుకు కరెంటు ఇచ్చింది చీకటి పడ్డాకే. మర్నాడు శ్రీను స్టార్టరు విప్పి ప్రతి వైరూ చూశాడు. దొంగ కనెక్షన్ లేదు, లోపం లేదు.

"అన్నయ్యా, ఫ్యూజులు లేకుండా మోటారు తిరగదు. ఎట్టా తిరిగిందని నన్నడగమాక," అన్నాడు. ఆ బొమ్మ మీద వాడు మళ్లీ జోకు వెయ్యలేదు.

వెంకటేశ్వర్లు గారు ఫోన్ చేసి, కావాలంటే తానే తీసి పంపిస్తానన్నారు. వద్దన్నాను. కెప్టెన్ ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉన్నాడు.

ఆ రోజు కాస్త తేరుకున్నాక నేను వెంటనే వెళ్లలేదు. నన్ను బయటికి తీసినావిడ కాయలు తడిశాయి. తడిసినవి ఏరకపోతే పక్కనున్నవీ రంగు పోతాయి. పొద్దు వాలేదాకా ఆవిడ పక్కన కూర్చుని ఏరాను. తెగిన వేలు, అలవాటు లేని చేతులు. ఆ రాత్రి మంటకు నిద్ర పట్టలేదు. మజ్జిగలో ముంచినా తగ్గలేదు. ఆ మంట నాకు తెలుసు, ఆ తడి నాకు తెలుసు. ఆ నీళ్లను పైకి తెచ్చింది ఏమిటో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.