లోపలికి వచ్చేవాడి చెయ్యి

ఐర్లండ్‌లో లెటర్‌కెన్నీ నుంచి డబ్లిన్ వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు ఎప్పుడూ నా భార్యది. ఆమె పోయి మూడు వారాలైనా, ఆ రోజు అక్కడ నా సంచి పెట్టాను. ఒక పొడవాటి మనిషి వచ్చి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే అలవాటుగా ఉన్నారన్నాను. వేరే సీటు లేదు. అతను కుంటుతూ జరిగి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"నిలబడ్డా అదే టికెట్టు, కూర్చోవయ్యా!" అని డ్రైవర్ కేకేశాడు.

నాకు సిగ్గేసింది. సంచి ఒళ్లోకి తీసుకుని, ఆ సీటు నా భార్యదని, ఆమె పోయిందని చెప్పాను.

అతను కూర్చుని కుంటికాలు ముందుకు చాపుకున్నాడు. తర్వాత, తాను ఒకప్పుడు మొరాకో ఫుట్‌బాల్ జట్టు స్ట్రైకర్‌నని, ఆఖరి మ్యాచ్‌లో తన బదులు ఇంకొకణ్ని దించడానికి తనను మధ్యలోనే బయటికి పిలిచారని చెప్పాడు.

"బయటికొచ్చేవాడు లోపలికెళ్లేవాడి చెయ్యి తాకి రావాలి, బ్రదర్. నేను కోపంలో తాకకుండా వచ్చేశాను. పదేళ్లయింది. ఎక్కడ విజిల్ వినబడినా ఇంకా మైదానంలోనే ఉన్నాననిపిస్తుంది. ఆఖర్న మీరు ఆమె దగ్గరున్నారా?"

"లేను. ఇంటికి తీసుకెళ్లొచ్చు అన్నారు ఆసుపత్రిలో. కారు తేవడానికి వెళ్లాను."

అతను తలూపాడు. మొనహన్‌లో దిగేముందు అరచెయ్యి నా ముందుకు చాచాడు. నేను తాకాను. మా ఇద్దరిలో బయటికి వెళ్లేదెవరో, లోపలికి వచ్చేదెవరో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

డబ్లిన్ దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది. సంచి నా ఒళ్లోనే ఉంది.