వడ్రంగి పిట్టల డ్యూటీ

ఉదయం ఆరూ ఇరవైకి పిట్ట వచ్చి ఎండిన వేపచెట్టు తొర్రలో దూరింది. అక్క నోటుబుక్కులో రాసుకుంది. ఆ రోజుల్లో మా ఊళ్లో జనం గడియారం చూసేది రెండింటికే: జగిత్యాల బస్సుకు, పోలీసు జీపుకు. మేము మూడోదానికి చూసేవాళ్లం. (మా తెలివి ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.)

మాది కథలాపూర్ పక్క పల్లె, నేతపని ఇల్లు. నాకు పదహారు, జగిత్యాలలో డిగ్రీ చదివే అక్కకు పంతొమ్మిది. ఆ వేసవి సెలవుల్లో మా ఇద్దరికీ ఒకటే తగాదా. బంగారు వీపు, ఎర్ర జుట్టు ఉన్న వడ్రంగి పిట్టలు రెండు తిరుగుతున్నాయి. ఒకదానికి నుదుటి నుంచే ఎరుపు. రెండోదానికి నుదురు నలుపు, దానిమీద తెల్ల చుక్కలు. రెండూ వేరు వేరు జాతులని నేను, ఆలుమగలని అక్క. తేలాలంటే రెండూ ఒకే తొర్రలో పిల్లలకు మేత పెట్టడం చూడాలి. ఆ తొర్ర ఉన్న చెట్టేమో నక్సలైట్లను పట్టుకోవడానికి పెట్టిన పోలీసు క్యాంపు ఆవరణలో ఉంది. అటు తల తిప్పడానికే జనం జంకేవాళ్లు. మేము ఎదురుగా మా మిద్దె మీద కూర్చొని రాసేవాళ్లం: "6:20 ఒకటి వచ్చింది. 6:34 రెండోది వచ్చింది, మొదటిది పోయింది."

నాలుగో రోజు ఎస్సై మిద్దె ఎక్కి వచ్చి పుస్తకం లాక్కున్నాడు.

"మా సెంట్రీలు ఎప్పుడు మారుతున్నరో రాస్తున్నరా? ఎవలకిస్తరు గిది?"

"సెంట్రీలు గాదు సారూ, వడ్రంగి పిట్టలు," అంది అక్క.

"నా చెవుల పువ్వు పెడ్తున్నవా పిల్లా?"

నాయిన మగ్గం వదిలి పరుగున వచ్చి చేతులు జోడించాడు. "తప్పయింది సారూ, ఇంకెప్పుడు రాయరు."

"రాస్తం నాయినా," అంది అక్క. "గవి ఆలుమగలో కాదో ఇంక తేలలే."

"చెట్టుంటెనే గద మీ ఏశాలు? ఇయ్యాలనే కొట్టిస్త," అన్నాడు ఎస్సై.

"గూట్ల పిల్లలున్నయి. ఎగిరినంక కొట్టుకోండ్రి. నమ్మకపోతే గీడ కూసోండ్రి, మీరే సూడుండ్రి."

ఆయన కూర్చున్నాడు. (ఎందుకో ఇప్పటికీ తెలియదు. రాత్రంతా నిద్ర లేదేమో.) ఎర్ర నుదురుది వచ్చి వాలింది, మమ్మల్ని చూసి కాండం వెనక్కి జరిగింది. ఆ పిట్ట అలవాటే అంత; మనం ఇటు చూస్తే అటు నక్కుతుంది. "పక్కా దొంగ," అన్నాడాయన. కాసేపటికి తోకను ఊతంగా ఆనించుకుంటూ పైకి ఎగబాకి తొర్రలో తల పెట్టింది. లోపల పిల్లల గోల. అంతలో నల్ల నుదురుది మేతతో అదే తొర్రకు వచ్చింది. ఎస్సై లేచి నిలబడ్డాడు.

"అగో, పెండ్లం అచ్చింది!"

నేను కనిపెట్టిన కొత్త జాతి అక్కడికక్కడే అంతరించింది. అక్క చెయ్యి చాపింది. ఆయన పుస్తకం ఇచ్చి, "పిల్లలు ఎగిరేదాక ఉంచుత. మా దిక్కు మాత్రం సూడకుండ్రి," అని మెట్లు దిగాడు. అక్క వెంటనే రాసింది: "6:52 ఎస్సై పోయిండు."

చెట్టు మరో పదిహేను రోజులు నిలిచింది. నేను మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. ఆ రెండోది చుట్టపుచూపుగా వచ్చి మేత పెట్టిందని ముప్పై ఏళ్లు వాదించాను. నిరుడు కోరుట్లలో అక్క చివరి రోజుల్లో మంచాన ఉన్నప్పుడూ అదే అన్నాను. కళ్లు తెరిచి, "నీకు సిగ్గు లేదే," అంది. అంత వయసొచ్చినా మారని నా మొండితనానికి ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ పిట్టల గురించి తగాదా పడరు.