మాచర్ల బస్సులో దీర్ఘాలు

అప్పుడు మా చిన్ని ఒకటో తరగతి. ‘పాట’ను ‘పట’ అని చదివిందని క్లాసులో పిల్లలంతా నవ్వారు. ఆ రోజు నుంచి అది పుస్తకం ముట్టుకోవడమే మానేసింది.

మాచర్ల బస్సులో పక్క సీట్లో కూర్చున్న బురఖా పెద్దావిడతో ఆ మాటే చెప్పుకున్నాను. ఆవిడ చిన్ని జడకున్న రబ్బరు బ్యాండు తీసి, దాని రెండు చేతుల వేళ్లకు తగిలించింది.

"‘పడు’ అన్నప్పుడు లాగమాక. ‘పాడు’ అన్నప్పుడు సాగదియ్యి. దాంతోపాటే నీ గొంతూ సాగాలి. ఏదీ, అను తల్లీ!"

చిన్ని మొదట గొణిగింది. తర్వాత బ్యాండుతోపాటు గొంతూ సాగింది. "పా...డు!"

"అబ్బో, చానా బాగా అన్నావే! ఇంక బయట బోర్డులు చదువు."

పిడుగురాళ్ల బజారులో మొదలుపెట్టింది. "పా...లు! పూ...ల కొట్టు! మే...క మాం...సం!"

బస్సంతా ఘొల్లుమంది. గబుక్కున దాని మొహంలోకి చూశాను, మళ్లీ నోరు మూసేసుకుంటుందేమోనని. చిన్ని మాత్రం అందరికంటే గట్టిగా నవ్వి, తర్వాతి బోర్డు కోసం కిటికీకి అతుక్కుపోయింది.

ఆవిడ గురజాలలో దిగిపోయింది. ఆ హడావుడిలో పేరైనా అడగలేదు. కింద నిలబడి చెయ్యి ఊపుతుంటే, చిన్ని బ్యాండు తెగేదాకా సాగదీసి అరిచింది.

"టా...టా...!"