చెక్క అచ్చుల అబద్ధం

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఆదివారం ఒక అమ్మాయి మా ఇంటికి వస్తానంది.

నేను కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్లు తయారుచేస్తాను. నాకు పేరు తెచ్చిన ఫాంటు మీరూ చూసే ఉంటారు. బెంజ్ సర్కిల్‌లో చీరల షాపుల బోర్డుల మీద, పెళ్లి కార్డుల మీద, అక్షరం కొసన చిన్న పూరేకు ఉంటుంది, అదే. మూతపడిన ఓ ప్రెస్సులో దొరికిన పాత చెక్క అచ్చులు చూసి గీశానని అందరికీ చెప్పాను. ఆ చెక్క అచ్చులు లేవు. ఎప్పుడూ లేవు.

ఉన్నది ఒక నోటుబుక్కు. పటమటలో బోర్డులు రాసే ముసలాయనది. ఆయన రాసే అక్షరాలన్నిటికీ నమూనాలు అందులో ఉన్నాయి. రెండ్రోజుల్లో ఇచ్చేస్తానని తెచ్చుకున్నాను. స్కాన్ చేశాక, అవి నావే అనిపించుకోవాలన్న ఆశ ఎంతగా పట్టుకుందంటే, వెళ్లి ఆయన మొహంలోకి చూస్తూ అబద్ధమాడాను.

"ఆటోలో మర్చిపోయానండీ. ఎంత వెతికినా దొరకలేదు."

ఆయన కుంచె కడుగుతూ, "పోతే పోయిందిలే అమ్మాయ్. కంగారుపడకు. భోంచేశావా?" అన్నారు.

తిట్టి ఉంటే ఇచ్చేసేదాన్నా? ఏమో. తర్వాత ఆయన పోయారు. పుస్తకం నా బీరువాలో చీరల కింద ఉంది.

మొన్న ఆయన మనవరాలు ఫోన్ చేసింది. తన పెళ్లి కార్డులు చూస్తుంటే ఈ అక్షరాలు కనపడ్డాయట. ఎవరు గీశారని ఆరా తీస్తే నా పేరూ, చెక్క అచ్చుల కథా తెలిశాయట.

"తాతయ్యకి చెయ్యి వణికేది మేడమ్. ఆయన నమూనాల పుస్తకంలో అక్షరం కొస దగ్గర రంగు చెదిరితే నేను పూరేకు వేసి కప్పేసేదాన్ని, చిన్నప్పుడు. మీ అక్షరాలకీ అవే రేకులున్నాయి. ఆదివారం వస్తాను, ఆ చెక్క అచ్చులు ఒక్కసారి చూపిస్తారా?"

పాతకాలపు సొగసనుకుని ఒక్క రేకూ చెరపలేదు నేను. జనం మెచ్చుకున్నదీ వాటినే. ఆ అమ్మాయికి తెలిసిపోయిందా? లేక నిజంగానే అచ్చులు చూడాలనుకుంటోందా? గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయం.

నిన్న మధ్యాహ్నం గ్యాస్ పొయ్యి వెలిగించి, పుస్తకం చేత్తో పట్టుకుని నించున్నాను. అవును, అంతదాకా వెళ్లాను. అట్ట లోపల పసుపు కుంకుమ బొట్లు ఉన్నాయి, ఆయన దసరాకి పుస్తకాన్ని పూజలో పెట్టినప్పటివి. పొయ్యి ఆపేశాను.

ఇందాక మెసేజ్ పంపాను. "చెక్క అచ్చులు లేవమ్మా. మీ తాతయ్య పుస్తకం పోలేదు. నేనే దాచాను."

చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. వస్తుందో, ఎవరిని వెంటబెట్టుకొస్తుందో తెలీదు. పుస్తకం మాత్రం బీరువాలో లేదు, హాల్లో బల్ల మీద ఉంది.