కోదండం బండికి నేను పెట్టిన ముక్కు

ముందే ఒప్పుకుంటున్నాను. ఆ ముక్కు పెట్టింది నేనే.

బళ్ళకీ పనిముట్లకీ చేసే విశ్వకర్మ పూజకి ముందురోజు, బళ్ళు అద్దెకిచ్చే దత్తా బాబు యార్డులో బళ్ళన్నిటికీ రంగులేస్తున్నారు. నేను అక్కడ నీళ్ళ ట్యాంకరు నడుపుతాను. మా కోదండం మావయ్య మట్టి తవ్వే బండి నడుపుతాడు. ముందు తొట్టి, వెనక పొడుగాటి చెయ్యి, అందరూ జేసీబీ అని పిలిచే రకం. అసలు ఏ కంపెనీదో ఆ బండికే గుర్తులేదు, పేరు ఎప్పుడో చెరిగిపోయింది. దాని ఆయిల్ టాంకు పక్క రేకు మీద, పైఅంచుకి దగ్గరగా, బొటనవేలంత మూత ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. నా కంటికది ముక్కులా కనిపించింది. దాని చుట్టూ అచ్చం మావయ్య మొహం గీశాను. మీసం, బూరెబుగ్గలు, నిద్ర చాలని కళ్ళు అన్నీ కుదిరాయి. నుదురు చాలక బొట్టు మాత్రం అంచెక్కింది. ఆ మూత నిండా సన్నటి కన్నాలున్నాయి. అన్ని కన్నాల ముక్కు బాగోదని పైపుల లీకులకి వాడే ఎంసీలు ముద్ద మెత్తి పూడ్చేసి, ఎర్రరంగు పూశాను.

పూజనాడు అందరూ పడీపడీ నవ్వారు. మావయ్యా నవ్వి దండేశాడు. పూజలో బండి మీదకి ఎక్కిందేదీ చేత్తో తీయకూడదని ఆయన పట్టింపు. దండ దానంతటది వాడి రాలాలి, బొట్టు వానకి పోవాలి. "ఆ ముక్కు ముట్టుకున్నోడి సెయ్యి ఇరిసేత్తాను," అని యార్డంతా చాటాడు.

కోదండానికి యాభై ఆరేళ్ళు. తండ్రి టెక్కలి పక్క నుంచి వచ్చి భవానీపూర్ వీధులు ఊడ్చిన మనిషి. ఆ చీపురు ఈయనకే రావాలి. పదిహేడో ఏట రోడ్డు తవ్వుతున్న బండి చెయ్యి అచ్చం మనిషి చెయ్యిలాగే మడత పడటం చూసి, ఉన్నచోటే నిలబడిపోయాడట. మర్నాడూ వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. నాలుగో రోజు ఆపరేటరు విసుగెత్తి, ఊరికే నిలబడే బదులు టీ పట్టుకు రమ్మన్నాడు. అలా మొదలైంది. చదువు నాలుగో క్లాసు. బెంగాలీలో బేరమాడతాడు, హిందీలో తిడతాడు, ఇంటికొచ్చి తెలుగులో నసుగుతాడు. పొడుగు స్క్రూడ్రైవరు మొన పంపుకీ, పిడి చెవి వెనక ఎముకకీ ఆనించి, కళ్ళు మూసుకుని బండి జబ్బు చెప్పేస్తాడు. అది తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

పూజైన మూడో రోజు, గురువారం, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వెనక డ్రెయిను తవ్వుతున్నారు. పూజ తర్వాత బండికి అదే మొదటి పని. గంటసేపు బాగానే చేసింది. ఆ తర్వాత మట్టితో లేచిన చెయ్యి గాలిలోనే వణికి ఆగిపోయింది. పంపు గులకరాళ్ళు మింగినట్టు అరవడం మొదలెట్టింది. మావయ్య లీవర్ల మీంచి చేతులు తీసి, ఆ చేతులవేపే చూసుకున్నాడు. తను నడిపిన పంతొమ్మిదేళ్ళలో ఆ బండి ఆ గొంతుతో అరవలేదు.

దత్తా బాబు సాల్ట్ లేక్ నుంచి బళ్ళు బాగుచేసే గోపీనాథ్ అనే మిస్త్రీని పిలిపించాడు. ఆయన ఐదు నిమిషాలు విని చేతులు తుడుచుకున్నాడు.

"పంపు అయిపోయింది దాదా. ఈ ముసలిదానికి కొత్త పంపు దండగ. తుక్కుకి ఇచ్చేయండి."

"పంపు కాదు," అన్నాడు మావయ్య, చెవి వెనకనుంచి స్క్రూడ్రైవరు తీస్తూ.

"మరేంటి?"

"తెల్దు. పంపు మాత్రం కాదు."

దత్తా బాబుకి నవ్వొచ్చింది. "పంపే అయితే?"

"సీటు దిగిపోతాను. మరే బండీ ఎక్కను."

గోపీనాథ్ చేతిలో టీ ముంత నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అన్నాక మావయ్యే బిత్తరపోయాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు పెదాలు తడుముకున్నాడు. దత్తా బాబు శనివారం సాయంత్రం దాకా గడువిచ్చాడు. సీటు లేని కోదండం ఎలా ఉంటాడో కోదండానికి తెలీదు. ఇంట్లో సింహాచలమ్మత్తకి చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

శుక్రవారం పొద్దున్నే టాంకు పెద్ద మూత తీసి ఆయిల్ చూశాడు. మట్టం సరిగ్గానే ఉంది, నురగ లేదు. స్టార్టు చేస్తే చెయ్యి కుర్రాడిలా లేచింది. గంటకి మళ్ళీ అరుపు. పైపు జాయింట్లు గాలి పీలుస్తున్నాయేమోనని గ్రీజు మెత్తి, మూత తీసి ఆయిల్ ఇంకోసారి చూశాడు. బాగైంది. గంటకి మళ్ళీ అదే పాట. ఫిల్టరు విప్పి, కడిగి, బిగించి, మూత తీసి ఆయిల్ నింపాడు. బాగైంది. గంటే.

"ఏట్రా సంజయ్ ఇది," అన్నాడు నాతో. "ఎక్కడ సెయ్యెడితే అక్కడ నయమైపోతాది. నయమైంది నిలబడదు. నలభయ్యేళ్ళు నేర్సింది గంగలో కలిసిపోనాదేటి."

"దిష్టేమో మావయ్యా."

"నీ మొగం. దిష్టి గంటకోపాలి డూటీకొస్తాదేటి?"

శనివారం మధ్యాహ్నం పంపు మళ్ళీ అరిచింది. మావయ్య ఇంజిను ఆపేసి, దిగి, మట్టిలో చతికిలబడ్డాడు. ఎదురుగా టాంకు. కాసేపు దానివేపు ఊరికే చూశాడు. తర్వాత తేలు కుట్టినట్టు లేచాడు.

"ఇలగ్రా. ఈ మొగం పూజనాడు ఇలగే ఉందేటి?"

చూశాను. నేను గీసింది బూరెబుగ్గలు. అవి రెండూ లోపలికి పీక్కుపోయి, నెల్లాళ్ళు జ్వరంతో పడుకున్న మనిషిలా ఉంది మొహం. రంగు పోలేదు, గీత చెరగలేదు, ఇనప రేకే లోపలికి వంగిపోయింది.

మావయ్య పెద్ద మూత మీద చెయ్యేసి మెల్లిగా తిప్పాడు. సుయ్యిమని గాలి లోపలికి దూరింది. వెంటనే ఢబ్బుమని చప్పుడు. నేను రెండు గజాలు వెనక్కి దూకాను. బుగ్గలు మళ్ళీ బయటికి పొంగాయి.

ఆయన దూకలేదు. మూత చేత్తో పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాడు. ఆ నిమిషంలో బుర్రలో ఏం తిరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. చెయ్యి చాచినప్పుడల్లా ఆయిల్ టాంకులోంచి సిలిండర్లలోకి పోతుంది. పైగా ముసలి బండి, ప్రతి కీలు దగ్గరా చుక్కచుక్కా కారుతుంది. ఖాళీ అయిన చోటులోకి బయటి గాలి రావాలి. ఆ దారి మూసేస్తే టాంకు తనని తానే పీల్చుకుంటుంది, పంపుకి ఆయిల్ అందక అరుస్తుంది. ఆయిల్ చూద్దామని మూత తీసిన ప్రతిసారీ ఆ గాలే బండిని బతికించింది. ఈయనేమో గ్రీజుకోసారి, ఫిల్టరుకోసారి మొక్కుకున్నాడు.

వేలు ఎర్రముక్కు దాకా వచ్చి ఆగింది. పూజలో పెట్టింది. ఎవరూ ముట్టకుండా తనే కాపలా కాసింది. కళ్ళకద్దుకుని, స్క్రూడ్రైవరుతో ఒక్క పోటు పొడిచాడు. ముద్ద ఊడిపడింది, వెనక సన్నటి కన్నాలు బయటపడ్డాయి. ఆయన నావేపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. ఊడిన ముద్ద నా చేతిలో పెట్టి, వెళ్ళి సీటెక్కాడు.

సాయంత్రం దాకా బండి ఆగకుండా తవ్వింది. గోపీనాథ్ రెండుసార్లు పంపు మీద చెయ్యేసి చూసి, మూడోసారి వెయ్యడానికి సిగ్గుపడ్డాడు. దత్తా బాబు బండి దగ్గరికొచ్చి అడిగాడు.

"ఏమైందయ్యా దీనికి?"

"గాలాడలేదు బాబూ," అన్నాడు మావయ్య. ఎవరు మూశారో చెప్పలేదు. టీకి కూడా సీటు దిగలేదు.

అందరూ వెళ్ళాక నేను బండి మెట్టెక్కి, సందు దొరికింది కదాని నోరు జారాను. "ఒకరకంగా చూస్తే మావయ్యా, నేను మూసుండకపోతే నీకింత పేరొచ్చేదా?"

మావయ్య లీవరు మీంచి చెయ్యి తీయకుండానే నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"అలగేటి. అయితే దగ్గిరకి రా, నీ ముక్కూ మూసి ఆస్పత్రికి ఒట్టుకెల్తాను. పాపం ఆ డాక్టరుకీ పేరొస్తాది."